ధర్మశాలకు వెళ్ళి రాతపని చేస్తానంటున్న అమ్మాయికి

ప్రశ్న: మేడమ్, నాకు 28 ఏళ్ళు. మాది గుంటూరు జిల్లా. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా గారి కాలచక్ర అనే బౌద్ధ దీక్షా కార్యక్రమం జరిగినప్పుడు తాతయ్య నన్ను తీసుకెళ్ళారు. అప్పుడు నేను మూడో తరగతి. మా పక్కన కూర్చున్న ఒక టిబెట్ అవ్వ నాకు ఎండు జున్ను ముక్క ఇచ్చింది. ఎంత నమిలినా అరగలేదు. ఆ అవ్వ ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఈమధ్య కంటెంట్ రైటర్ ఉద్యోగం మానేశాను, కొంచెం డబ్బు దాచుకున్నాను. మూడు నెలలు ధర్మశాల వెళ్ళి అక్కడి టిబెటన్ సంస్థలో రైటర్‌గా వాలంటీరు పని చేయాలని ఉంది. నా ఇంగ్లిష్ ఫర్వాలేదు, గొప్పగా ఉండదు. జర్నలిజం చదవలేదు. నావల్ల వాళ్ళకు ఉపయోగం ఉంటుందా? వాళ్ళ కథలతో తెలుగులో ఒక పుస్తకం రాయాలని కూడా ఉంది. అది తప్పా? అమ్మ మాత్రం "చైనా గొడవలున్న చోటికి ఒక్కదానివే ఏం వెళ్తావు" అని టెన్షన్ పడుతోంది. డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు తనూ వస్తానంటోంది. దయచేసి నా పేరు వేయకండి.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ ఎండు జున్ను ముక్క దగ్గరే ఆగాను. దాన్ని ఛుర్పి అంటారు. బుగ్గన పెట్టుకుని గంటలకొద్దీ నములుతూ ఉంటారు. ఇరవై ఏళ్ళయినా ఆ అవ్వ ముఖం మీకు గుర్తుందంటే ఈ కోరిక నిన్న మొన్న పుట్టింది కాదు. వెళ్ళండి. ఎలా వెళ్ళాలో, వెళ్ళాక ఏం చేయాలో, ఏం చేయకూడదో నాకు తెలిసినంత చెబుతాను.

'రైటర్‌గా' అన్న మాటతో మొదలుపెడతాను. ఆ మాట వినగానే ఒక కొండ ఊరు, ఒక పెద్దాయన, ఆయన చెబుతుంటే మనం పక్కన కూర్చుని రాసుకోవడం కళ్ళ ముందుకొస్తాయి. నేను 2014 మార్చిలో మొదటిసారి ధర్మశాల ఎగువన టిబెటన్లు ఉండే మెక్లియోడ్‌గంజ్ వెళ్ళినప్పుడు అలాగే అనుకుని వెళ్ళాను. నా చేతికి వచ్చిన మొదటి పని ఒక వార్షిక నివేదికలో తప్పులు దిద్దడం. రెండోది ఒక కుర్రాడి బయోడేటా. ఆ తర్వాత, ఒక పిల్లాడి చదువుకు జర్మనీ నుంచి డబ్బు పంపే ఒకావిడకు ఆ పిల్లాడి తరఫున ఉత్తరం. సాయంత్రం గంటసేపు ఇంగ్లిష్ సంభాషణ తరగతి. అంటే తరగతి గదిలో కింద కూర్చుని, ఇద్దరు ముగ్గురితో ఆ రోజు ఇచ్చిన విషయం మీద మాట్లాడడమే. ల్హా లాంటి సంస్థల్లో వాలంటీర్లకు ఎక్కువగా దొరికేది ఈ పనే. దీన్ని తక్కువగా చూడకండి. టిబెట్ నుంచి పెద్దయ్యాక వచ్చినవాళ్ళకు ఇంగ్లిష్ రాకపోతే హోటల్లో ఉద్యోగం కూడా దొరకడం కష్టం. మీ ఇంగ్లిష్ గొప్పగా లేదని బెంగ పెట్టుకోకండి. ఇంగ్లిష్ ఇంట్లో పుట్టిన భాష కానివాళ్ళ దగ్గర అక్కడివాళ్ళు తడబడకుండా మాట్లాడతారు. నేను కళ్ళారా చూశాను. మీకు హిందీ వస్తే ఇంకా మంచిది, భారతదేశంలో పుట్టి పెరిగిన టిబెటన్లలో చాలామందికి హిందీ బాగా వచ్చు.

ఇక అసలు రాతపని. మీరు కంటెంట్ రాసేవారు కదా, అందుకే ఇది కాస్త వివరంగా చెబుతాను. నా దగ్గరికి వచ్చే ఒక భిక్షువు తను ఇల్లు వదిలిన రోజు గురించి ఇంగ్లిష్‌లో రాసుకొచ్చాడు. "అమ్మ నా సంచిలో త్సంపా పెట్టింది. నా వైపు చూడలేదు." అంతే, రెండు వాక్యాలు. త్సంపా అంటే వేయించిన బార్లీ పిండి, మన సత్తుపిండి లాంటిది. నేను ఆ రెండు వాక్యాలనూ కలిపి, బరువెక్కిన గుండెతో తల్లి వీడ్కోలు చెప్పినట్టు అందంగా మార్చాను. ఇంగ్లిష్ బాగా కుదిరిందనుకున్నాను. అతను చదివి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అమ్మ వీడ్కోలు చెప్పలేదు. చూడలేదు" అన్నాడు. చూస్తే ఏడుస్తుంది. ఏడిస్తే పక్కింటికి తెలుస్తుంది. పక్కింటికి తెలిస్తే కొడుకు కొండ దాటకముందే పట్టుబడతాడు. ఆ ఇంటి భయమంతా ఆ 'చూడలేదు' అన్న మాటలోనే ఉంది, నేను దాన్నే కొట్టేశాను. ఈ సంగతి నలుగురికీ చెప్పుకోవడానికి అతను ఒప్పుకున్నాడు. అతని ఊరు, వచ్చిన ఏడాది మాత్రం చెప్పను.

అప్పటినుంచి నేను వ్యాకరణం తప్పులు దిద్దుతాను, అర్థం కాని చోట అడుగుతాను, అంతకు మించి చెయ్యి పెట్టను. మీరూ అంతే చేయండి. మార్చిన ప్రతి వాక్యాన్నీ ఆ మనిషికి చదివి వినిపించండి. తెలుగులో మనకు 'కన్నీటి వీడ్కోలు', 'గుండెలు పిండేసే' లాంటి మాటలు చాలా సులువుగా వచ్చేస్తాయి. వాళ్ళ మాటల్లో అవి ఉండవు. మీరు తెలుగులో రాసే రోజు వచ్చినప్పుడు కూడా వాటిని చేర్చకండి.

వెళ్ళిన వారంలోనే ఎవరినీ "హిమాలయాలు ఎలా దాటారు" అని అడగకండి. మొదటి కారణం, అక్కడ మీకు కలిసే కుర్రవాళ్ళలో చాలామంది ఏ కొండా దాటలేదు. 1959 మార్చిలో టిబెట్ రాజధాని లాసాలో తిరుగుబాటును చైనా అణిచివేసినప్పుడు దలైలామా తవాంగ్ మీదుగా మన దేశానికి వచ్చారు, 1960లో ధర్మశాల చేరారు. ఆయన వెంట వచ్చినవాళ్ళ మనవలు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు. కర్ణాటకలోని బైలకుప్పెలో పుట్టి, కన్నడం మాట్లాడి, బెంగళూరులో డిగ్రీ చేసిన అమ్మాయిని మీరు హిమాలయాల గురించి అడిగితే ఆమె ఏం చెబుతుంది? ఆమె కష్టం వేరు. ఆర్‌సీ అనే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ రెన్యువల్, విదేశం వెళ్ళాలంటే పాస్‌పోర్టు బదులు ఐసీ అనే పసుపు పుస్తకం, ఇద్దరు అన్నయ్యలు కెనడా వెళ్ళిపోతే ఇంట్లో మిగిలిన అమ్మమ్మ. 2009లో ప్రవాస టిబెటన్ ప్రభుత్వం చేయించిన లెక్కలో మన దేశంలో 94,203 మంది టిబెటన్లున్నారు. ఆ తర్వాత చాలామంది అమెరికా, కెనడా, యూరప్ వెళ్ళిపోయారు. సెటిల్‌మెంట్లనే టిబెటన్ల కాలనీల్లో బడులకు పిల్లలు తగ్గుతున్నారు. రాయాల్సిన కథల్లో ఇదీ ఒకటి, దీన్ని అడిగేవాళ్ళు తక్కువ.

రెండో కారణం, నిజంగా దాటి వచ్చినవాళ్ళకు ఆ దారి గుర్తు చేసుకోవడం అంత తేలిక కాదు. నాంగ్‌పా లా అనే కనుమ ఎత్తు దాదాపు 5,700 మీటర్లు. అక్కడినుంచి నేపాల్‌లోకి దిగి, కాఠ్మండూ, ఢిల్లీ మీదుగా ధర్మశాల చేరాలి. మంచుకు వేళ్ళు పోయినవాళ్ళున్నారు. దారిలో తోటివాళ్ళను వదిలేసి రావలసి వచ్చినవాళ్ళున్నారు. 2008కి ముందు ఏటా రెండు మూడు వేలమంది ఇలా వచ్చేవారు, ఆ తర్వాత కాపలా పెరిగి రాక దాదాపు ఆగిపోయింది. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి. చెబుతూ మధ్యలో ఆగిపోతే "తర్వాత?" అనకండి. టీ తెచ్చి పెట్టండి.

ఇక పేర్ల సంగతి. మీ పేరు వేయొద్దని మీరు అడిగారు. నేను వేయలేదు. కానీ మీ ఉత్తరంలో ఇంకా మూడు వివరాలున్నాయి: మీ ఊరు, అమ్మగారు చేసే ఉద్యోగం, మీరు మానేసిన కంపెనీ. పేరు తీసేసినా ఆ మూడూ ఉంటే మీ వీధిలో వాళ్ళకు మీరెవరో అర నిమిషంలో తెలిసిపోతుంది. అందుకని అవీ తీసేశాను. జిల్లా ఒక్కటే ఉంచాను, అది లేకపోతే అమరావతి ముచ్చటకు అర్థం ఉండదు కనుక. మీ విషయంలో పొరపాటు జరిగితే నాలుగు రోజులు చుట్టాల ప్రశ్నలు భరించాలి, అంతే. అక్కడ పొరపాటు జరిగితే టిబెట్‌లో ఉన్న అన్నయ్యను పోలీసులు పిలిపిస్తారు, చెల్లెలి ఉద్యోగం పోతుంది. ఒక మనిషి ఊరు, దాటి వచ్చిన ఏడాది, అన్నదమ్ములెంతమంది అన్నవి కలిస్తే చాలు, పేరు లేకపోయినా ఎవరో తెలిసిపోతుంది. టిబెటన్లలో మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ కూడా టెన్జిన్ అన్న పేరు వేలల్లో ఉంటుంది, కాబట్టి పేరు మాత్రమే వేస్తే కొన్నిసార్లు ఏమీ కాదు. ప్రమాదం ఎక్కువగా మిగతా వివరాల్లోనే ఉంటుంది.

అందుకే ప్రతిసారీ విడివిడిగా అడగండి. పేరు వేయవచ్చా, ఊరు చెప్పవచ్చా, ఫొటో వేయవచ్చా, గొంతు రికార్డు చేయవచ్చా. రాయడం అయ్యాక మళ్ళీ అడగండి. అప్పుడు వద్దంటే తీసేయాలి, ఎంత బాగా కుదిరినా సరే. మీ ఫోనులో వాళ్ళ గొంతులు, ఫొటోలు అలా వదిలేయకండి, పని అయ్యాక సంస్థకు ఇచ్చేసి మీ దగ్గర తుడిచేయండి. "తెలుగులో రాస్తున్నాను, అక్కడివాళ్ళు ఎవరు చదువుతారు" అనుకోవడం ఈ రోజుల్లో కుదరదు. ఫోను చూపిస్తే ఏ భాషయినా తర్జుమా అయిపోతోంది, పైగా ఫొటోకు భాషతో పనే లేదు.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో, వాట్సాప్ లాంటి చైనా యాప్ వీచాట్ ఒకటి. మనలో చాలామందికి ఆ పేరే తెలియదు. ఇక్కడి టిబెటన్లకు మాత్రం అవతల ఉన్న అమ్మానాన్నలతో మాట్లాడే ముఖ్యమైన దారి అప్పట్లో అదే. నిఘా ఉంటుందని తెలిసి వాతావరణం గురించి, పశువుల గురించి మాత్రమే మాట్లాడుకునేవారు. ఇప్పుడు అదీ కష్టమైంది. ఎవరైనా "అమ్మ గొంతు విని చాలాకాలమైంది" అంటే కారణం అడిగి బాధపెట్టకండి.

పుస్తకం రాయడం తప్పా అని అడిగారు. తప్పు కాదు. కానీ రెండు పనులనూ కలపకండి. సంస్థ కోసం మీరు విన్న కథ, దిద్దిన వాంగ్మూలం ఆ మనిషివి, ఆ సంస్థవి. వాటిని మీ పుస్తకంలోకి తెచ్చుకోకూడదు. మీరు ఏం చూశారో, ఏం తిన్నారో, ఎక్కడ పొరపడ్డారో, అది మీది. రోజూ రాత్రి ఒక పేజీ రాసుకోండి. ఎవరి కథయినా పుస్తకంలో ఉండాలనిపిస్తే ఆ మనిషిని మళ్ళీ వేరుగా అడగండి, అది కూడా కనీసం ఆరు వారాలు పరిచయమయ్యాక. ఇది పుస్తకం అని, తెలుగులో వస్తుందని, అమ్ముతారని స్పష్టంగా చెప్పండి. రాసింది హిందీలోనో ఇంగ్లిష్‌లోనో వాళ్ళకు మొత్తం చదివి వినిపించండి. ఇలా చేస్తే పుస్తకం పల్చబడుతుందని మీకు అనిపించవచ్చు. పల్చబడినా ఫర్వాలేదు.

పెద్దవాళ్ళ విషయంలో మాత్రం తొందర ఉంది. 1959లో పదేళ్ళున్న పిల్లకు ఇప్పుడు 77 ఏళ్ళు. ఆ తరం వెళ్ళిపోతోంది. ధర్మశాలలో ప్రవాస టిబెటన్ ప్రభుత్వ కార్యాలయాలుండే గంగ్చెన్ కిషోంగ్‌లో 1970లో మొదలైన టిబెటన్ గ్రంథాలయం ఉంది, వాళ్ళు చాలా ఏళ్ళుగా పెద్దల జ్ఞాపకాలను రికార్డు చేసి భద్రపరుస్తున్నారు. మీరు వెళ్ళగానే ఆ పని మీకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా, దానికి టిబెటన్ భాష రావాలి. కానీ ఇంగ్లిష్‌లోకి వచ్చిన ప్రతులు సరిచూడడానికి మనుషులు అవసరమవుతారు. అడిగి చూడండి. మానవ హక్కుల నివేదికలు రాసే సంస్థలూ ఉన్నాయి, 1996 నుంచి పనిచేస్తున్న టిబెటన్ మానవ హక్కుల, ప్రజాస్వామ్య కేంద్రం వాటిలో ఒకటి. ఆ నివేదికల్లో ఒక్క తేదీ తప్పయినా మొత్తం నివేదికనే అబద్ధమంటారు. మీరు ఓపికగా సరిచూడగలిగితే అక్కడ మీ అవసరం ఉంటుంది.

మూడు నెలలు అన్నారు, బాగుంది. తగ్గించకండి. నేను అయిదు వారాలకే తిరిగి వచ్చేశాను, ఇంటి దగ్గర పని పడి. అప్పటికి అక్కడి ఒక టిబెటన్ అమ్మాయి విదేశీ విశ్వవిద్యాలయానికి స్కాలర్‌షిప్ కోసం రాసుకుంటున్న వ్యాసం సగంలో ఉంది. ఈమెయిల్‌లో పూర్తి చేద్దామన్నాను. నేనే ఆలస్యం చేశాను. గడువు దాటిపోయింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, ఆ తర్వాత ఏడాది వేరే ఎవరి సాయంతోనో రాసుకుని వెళ్ళింది. అక్కడ వాలంటీర్లు వస్తూ పోతూ ఉంటారు, వాళ్ళకు అలవాటే. అయినా మీరు మొదలుపెట్టిన కాగితం మీరే ముగించి రండి. చివరి పదిహేను రోజుల్లో కొత్త పని ఒప్పుకోకండి.

నెల సంగతి. జులై, ఆగస్టుల్లో అక్కడ కుండపోత వాన, గోడలు చెమ్మబడతాయి, దారులు మూసుకుపోతాయి. జనవరి, ఫిబ్రవరిలో చలి, లోసర్ అనే టిబెటన్ కొత్త సంవత్సరం సెలవులు. పైగా చాలా కుటుంబాలు చలికాలంలో స్వెటర్ల అమ్మకానికి మన ఊళ్ళలోనే ఉంటాయి. మార్చి మొదటివారానికి చేరుకుంటే మంచిది. 1959 తిరుగుబాటు గుర్తుగా మార్చి 10న త్సుగ్లాఖాంగ్ ఆలయం దగ్గర అందరూ చేరి, కింది ధర్మశాల దాకా నడుస్తారు. ఆ రోజు నోటుపుస్తకం గదిలో పెట్టి వాళ్ళ వెనక నడవండి. స్వాతంత్ర్యం కావాలనేవాళ్ళూ, చైనాలో ఉంటూనే నిజమైన స్వయంపాలన కావాలనే మధ్యేమార్గం వాళ్ళూ పక్కపక్కనే కనిపిస్తారు. ఎటువైపు అని మిమ్మల్ని అడిగితే, వినడానికి వచ్చానని చెప్పండి.

జీతం ఉండదు, గది, తిండి ఖర్చు మీదే. నెల అద్దెకు గదులు దొరుకుతాయి. ముందు వారం రోజులకు తీసుకుని, వెళ్ళాక తిరిగి చూసుకోండి. వెళ్ళేముందే రెండు మూడు సంస్థలకు రాసి, మీరు ఏ పని చేయగలరో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటారో చెప్పండి. ఢిల్లీలో మజ్నూ కా టిల్లా అనే టిబెటన్ కాలనీ నుంచి రాత్రి బస్సులుంటాయి, పొద్దున్నకల్లా చేరుస్తాయి.

అమ్మగారి భయం అర్థం చేసుకోదగ్గదే. ధర్మశాల హిమాచల్‌ప్రదేశ్‌లోని కాంగ్డా జిల్లాలో ఉంది, యాత్రికులు ఏడాదంతా వచ్చే ఊరు. భారతీయులకు ఏ పర్మిటూ అక్కర్లేదు, మీరు చేసేది చట్టవిరుద్ధమైన పనీ కాదు. ఒంటరిగా వచ్చి ఉండే ఆడపిల్లలు చాలామంది కనిపిస్తారు. అయినా చీకటి పడ్డాక ధర్మ్‌కోట్ వైపు అడవి దారుల్లో ఒక్కరే నడవకండి, గది బజారు దగ్గరే తీసుకోండి. ఇంకో మాట, వీలైతే మొదటి వారం అమ్మగారిని వెంట తీసుకెళ్ళండి. పొద్దున్నే ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేసే దారి ఉంటుంది, దాన్ని కోరా అంటారు. జపమాల తిప్పుకుంటూ నడిచే అవ్వలను ఆవిడ ఒకసారి చూస్తే సగం బెంగ తీరుతుంది. అక్కడ తల్లిని 'అమాలా' అంటారు. చివర 'లా' మన 'గారు' లాంటిది. మీ అమ్మగారిని అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు.

మీ డాలస్ అక్కకు అమెరికా పాస్‌పోర్టు ఉంటే ఆమె సంగతి వేరు. వాలంటీరు పనికి తన వీసా సరిపోతుందో లేదో కాన్సులేట్‌లో ముందే అడగాలి. బైలకుప్పె, ముండ్‌గోడ్ లాంటి సెటిల్‌మెంట్లలో రాత్రి ఉండాలంటే విదేశీయులకు ప్రత్యేక పర్మిట్ కావాలి, అది రావడానికి చాలా వారాలు పడుతుంది. ధర్మశాలకు ఆ పర్మిట్ అవసరం లేదు.

ఎక్కడినుంచి వచ్చావని భిక్షువులు అడిగితే గుంటూరు అంటే తెలియకపోవచ్చు. ధాన్యకటకం అని చెప్పండి. అమరావతి పక్కన ధరణికోట ఉంది కదా, అదే. కాలచక్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది అక్కడేనని వాళ్ళ నమ్మకం, 2006లో అంతమంది వచ్చింది అందుకే. 1416లో లాసా దగ్గర కట్టిన డ్రెపుంగ్ మఠానికి ఆ పేరు ధాన్యకటకం నుంచే వచ్చింది. డ్రెపుంగ్ అంటే వడ్లరాశి. నాగార్జునుడిని వాళ్ళు లుడ్రుబ్ అంటారు, ఆయన శ్లోకాలు కంఠస్థం చేస్తారు. భిక్షువు బట్టలు కట్టిన ప్రతివాళ్ళనూ 'లామా' అని రాయకండి, లామా అంటే గురువు. దలైలామాను వాళ్ళు ప్రేమగా 'కుందున్' అంటారు. మన పాత ఉత్తరాల్లో 'సముఖానికి' అని రాసేవారే, ఆ సముఖం అన్న అర్థమే దానికి. తెలుగులో రాసేటప్పుడు ఇలాంటి మాటలు మీకు చాలా దొరుకుతాయి.

మూడు నెలలు కుదరకపోతే దగ్గర్లో ఇంకో చోటు చెబుతాను. చంద్రగిరి. తిరుపతి దగ్గర కోట ఉన్న చంద్రగిరి కాదు, ఒడిశాలో గజపతి జిల్లాలోది. శ్రీకాకుళం సరిహద్దుకు అవతల, పర్లాకిమిడి ఉన్న జిల్లా. 1963లో అక్కడ టిబెటన్లకు భూములిచ్చారు, ఇప్పటికీ మొక్కజొన్న పండిస్తారు. దాని దగ్గరే జిరంగ్‌లో పెద్ద బౌద్ధవిహారం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. ధర్మశాలతో పోలిస్తే ఇక్కడికి వచ్చే వాలంటీర్లు చాలా తక్కువ. వెళ్ళేముందు అక్కడి సెటిల్‌మెంట్ ఆఫీసుకు రాసి, ఏ సాయం పనికొస్తుందో కనుక్కోండి.

అన్నిటికంటే ముందు, ఈ చలికాలం మీ ఊళ్ళోనో, గుంటూరులోనో, విజయవాడలోనో స్వెటర్ల కొట్లు పెడతారు చూడండి. మనవాళ్ళు 'నేపాలీ స్వెటర్లు' అంటారు. వాళ్ళలో చాలామంది టిబెటన్లు, లుధియానాలో సరుకు కొనుక్కుని వస్తారు. అక్కడికి వెళ్ళండి, నోటుపుస్తకం తీసుకెళ్ళకండి. "తాషీ దెలెక్" అనండి, అది వాళ్ళ పలకరింపు. ధర్మశాలలో మార్చి నెల చలి గట్టిగానే ఉంటుంది, మీకొకటి, అమ్మగారికొకటి స్వెటర్లు తీసుకోండి. ఏ సెటిల్‌మెంట్ నుంచి వచ్చారని అడిగితే వాళ్ళే చెబుతారు. ఆ అవ్వ ఇచ్చిన ఛుర్పి సంగతి వాళ్ళకు చెప్పండి.